సేద్యపు కారు, పందెపు కారు

రెండు కార్లూ మా ఇంటి ముందర పక్కపక్కన నిలబెడితే మా అమ్మకు కనిపించిన తేడా ఒకటే. ఒకటి తెల్లది, ఇంకొకటి ఎర్రది. "ఒకటే కంపెనీవి, ఒకటే మాదిరివి. రెండెందుకు మే?" అంది. ప్రశ్న చిన్నదే. జవాబు వెతుక్కోవడానికి నాకు ఐదు వారాలు, సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు పట్టింది.

తెల్లది నాది. స్కోడా ఆక్టేవియా, 1.8 టి.ఎస్.ఐ., 2018 మోడల్. హైదరాబాద్‌లో ఉద్యోగం కాస్త కుదురుకున్నాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎర్రది మా పెదనాయన కొడుకుది. అదీ ఆక్టేవియానే, కానీ వెనక డిక్కీ మీద రెండు అక్షరాలు ఎక్కువ: ఆర్.ఎస్. అన్నకు ఐర్లాండ్‌లో ఉద్యోగం వచ్చింది. పోయే ముందు కారు తాళం నా చేతిలో పెట్టి, "బయట అమ్మేదానికన్నా రెండు లక్షలు తగ్గించి నీకిస్తా. వినాయక చవితి లోపల చెప్పు. అంతవరకూ నీ దగ్గరే ఉండనీ, నడుపు" అన్నాడు. ఇది 2025 జూలై మాట.

నా కారు అమ్మి, పైన ఇంకో తొమ్మిది లక్షలు వేస్తే ఎర్రది నాదవుతుంది. ఆ తొమ్మిది లక్షలు నా దగ్గర ఉన్నాయి. అవి మాత్రమే ఉన్నాయి.

కార్లంటే పట్టని వాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. ఆక్టేవియా మన దేశానికి 2001లో వచ్చింది, అప్పటి ఔరంగాబాద్ ఫ్యాక్టరీ నుంచి. మన ఊళ్ళలో కార్లంటే అంబాసిడర్, మారుతి తప్ప ఇంకోటి పెద్దగా తెలియని రోజులు. డాక్టర్లు, కాంట్రాక్టర్లు కొనేవాళ్ళు. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. 2004లో దానికే ఒక ఆర్.ఎస్. వచ్చింది. ర్యాలీ స్పోర్ట్ అని ఆ అక్షరాల అర్థం. 150 అశ్వశక్తి, టర్బో, ఐదు గేర్లు. ఇప్పటికీ ఆ పాత ఆర్.ఎస్.ని దాచుకున్నవాళ్ళు ఉన్నారు, తాతల నాటి నగలాగ. తర్వాత 2017లో ఆర్.ఎస్. 230 వచ్చింది, షోరూమ్ ధర 24.62 లక్షలు. మా అన్నది అదే. 2020లో ఆర్.ఎస్. 245, 35.99 లక్షలు, దేశం మొత్తానికీ 200 కార్లు మాత్రమే. 2023లో ఆక్టేవియా అమ్మకమే ఇక్కడ ఆగిపోయింది.

నా కారు 180 అశ్వశక్తి, అన్నది 230. నిలబడిన చోటు నుంచి గంటకు 100 కి.మీ. వేగం అందుకోవడానికి నాదానికి ఏడున్నర సెకన్ల దగ్గర పడుతుంది, దానికి 6.8. అంటే తేడా ఒక సెకను కూడా లేదు. ఈ లెక్క విన్న మా ఆఫీసు పిల్ల ఒకతి, "తొమ్మిది లక్షలు పెట్టి సెకనులో ముక్కాలు కొంటావా అక్కా?" అని నవ్వింది. నవ్వాల్సిందే. కానీ బండి నడిపేవాళ్ళకు తెలుసు, తేడా ఆ సెకనులో లేదు.

రెండు ఇంజిన్లూ ఒకే తల్లి పిల్లలు. సిలిండర్ వ్యాసం రెండింటిలోనూ 82.5 మిల్లీమీటర్లే. పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం మాత్రం ఎర్రదాంట్లో ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఎక్కువ. అసలు తేడా దాని తర్వాత మొదలవుతుంది. నా కారు లాగుడు బలం 250 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆ ఇంజిన్‌కు చేతకాక కాదు. యూరప్‌లో ఇదే ఇంజిన్‌ను నాలుగు చక్రాలూ లాగే మోడల్‌లో వేరే గేర్‌బాక్సుతో అమ్మినప్పుడు 280 ఇచ్చింది. నా కారులో ఉన్న ఏడు గేర్ల డి.ఎస్.జి. పొడి క్లచ్చులది. అది మోయగలిగిందే 250. కాబట్టి ఇంజిన్‌ను అక్కడే కట్టేశారు. ఎర్రదాంట్లో ఉన్నది ఆరు గేర్ల డి.ఎస్.జి., క్లచ్చులు నూనెలో మునిగి ఉంటాయి, వేడెక్కితే ఆ నూనె చల్లబరుస్తుంది. అందుకే అక్కడ 350 వదిలారు.

ఇదంతా నాయనకు చెప్తే ఆయన మధ్యలోనే అందుకున్నాడు. "అంటే ఎద్దు మంచిదే, కాడి బలం లేదు."

అంతే. నేను పది వాక్యాల్లో చెప్పింది.

పేరులోనే నందిని పెట్టుకున్న ఊరు మాది. ఏ యంత్రాన్ని అర్థం చేసుకోవాలన్నా మా ఇంట్లో చివరికి ఎద్దు దగ్గరికే వస్తారు. నా చిన్నప్పుడు మా దొడ్లో రెండు జతలుండేవి. ఒక జత సేద్యానికి. మడక, గుంటక, బండి, ఎరువు తోలడం, అన్నీ వాటి మీదే. ఇంకో జత బండలాగుడు పందేలకు. రెండూ ఒంగోలు జాతే. కొత్తవాళ్ళకు చూపిస్తే ఏది ఏదో చెప్పలేరు. నిలబడినప్పుడు తెలీదు కూడా. కాడి మెడ మీద పెట్టినప్పుడు తెలుస్తుంది. సేద్యపెద్దు కాడిని ఇంటి కోడలు నీళ్ళ బిందెను తీసుకున్నట్టు తీసుకుంటుంది. పందెపెద్దుకు కాడి తగిలీ తగలగానే చర్మం కింద అల లేస్తుంది. ఇంకా ఎవరూ అదిలించకముందే.

ఎర్రకారులో మొదటిసారి కూర్చుని స్టార్ట్ చేసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ అలే. కంపెనీవాళ్ళు ఆ రంగుకు పెట్టిన పేరు కొరిడా రెడ్. స్పానిష్‌లో కొరిడా అంటే ఎద్దుల పోరాటం. పేరు పెట్టినాయనకు నందికొట్కూరు తెలిసి ఉండదు గాని, సరిగ్గానే పెట్టాడు.

ఇక రోడ్డు. హైదరాబాద్ నుంచి మా ఊరికి 240 కిలోమీటర్ల చిల్లర. కర్నూలు దాకా 44వ నంబరు జాతీయ రహదారి. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ, పుల్లూరు టోల్ గేటు దాటితే తుంగభద్ర. ఈ దారిలో ఎర్రకారు ఎట్లుంటుందంటే, ఇంట్లో పెద్దమనిషిలా ఉంటుంది. వంద దగ్గర నిద్రపోతుంది. స్టీరింగ్ బరువుగా, నిదానంగా చేతిలో కూర్చుంటుంది. లారీ అడ్డొచ్చి వేగం 60కి పడిపోయిందనుకోండి. మళ్ళీ యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే వీపును సీటు లాక్కుంటుంది. నా కారూ వేగం అందుకుంటుంది, కానీ ఒక మాట ఆలోచించుకుని అందుకుంటుంది. ఎర్రదానికి ఆలోచన లేదు. మీ మనసులో మాట పూర్తయ్యేలోపల అక్కడుంటుంది.

మూడు ప్రయాణాలు ఎర్రదాంట్లో, రెండు నాదాంట్లో చేశాను. టైము రాసుకున్నాను. టీ ఆపులు తీసేస్తే నాది సగటున నాలుగు గంటల పది నిమిషాలు, అన్నది నాలుగు గంటల రెండు నిమిషాలు. ఎనిమిది నిమిషాలు మిగిలాయి. ఆ ఎనిమిదీ పెట్రోలు బంకులో పోయాయి, ఎందుకంటే ఎర్రది ఎక్కువ తాగుతుంది. ఆంధ్రలోకి దిగితే పెట్రోలు తెలంగాణ కన్నా ప్రియం కాబట్టి ఆలంపూర్ చౌరస్తా దాటకముందే ట్యాంకు నింపుకోవడం మా వైపు వాళ్ళందరికీ అలవాటు.

ఆ బంకులో కుర్రాడు మూడుసార్లూ అదే అడిగాడు. "సార్ రాలేదా మేడం?" నా తెల్లకారుతో పోయినప్పుడు ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. తెల్లకారు ఆడమనిషి నడపగల కారని వాడి లెక్క. ఎర్రదానికి మాత్రం ఎక్కడో ఒక సారు ఉండి తీరాలి. మూడోసారి, "సారు ఐర్లాండ్‌లో ఉన్నాడు" అన్నాను. అబద్ధం కాదు కదా.

కర్నూలు దాటి నందికొట్కూరు వైపు తిరిగితే ఆట మారుతుంది. ఇది 340సి నంబరు జాతీయ రహదారి. గార్గేయపురం చెరువు, బ్రాహ్మణకొట్కూరు, తర్వాత మా ఊరు. ముప్పై కిలోమీటర్ల లోపే. ఇటే ఇంకా పోతే జూపాడు బంగ్లా, ఆత్మకూరు, నల్లమల దాటి దోర్నాల. జూలైలో ఈ దారి నిండా ట్రాక్టర్లు, వెనక గొర్రుతోనో విత్తనాల బస్తాలతోనో. చీకటి పడితే వెనక లైటు ఉండేది తక్కువ. గొర్రెల మంద అడ్డొస్తే కాపరి మీ వైపు చూడడు, గొర్రెల వైపే చూస్తాడు, అదే న్యాయం కూడా. పంట ఇంటికొచ్చే కాలంలోనైతే రోడ్డే కళ్ళం. మొక్కజొన్నలు ఒకవైపంతా ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. పొద్దుగూకినాక గింజలు ఎత్తుకుపోతారు, రాళ్ళు ఉండిపోతాయి. చెప్పకుండా లేచే స్పీడ్ బ్రేకర్లు సరేసరి.

ఎర్రకారు నా కారు కన్నా ఒక వేలు మందం కిందికుంటుంది. టైర్లు కూడా వేరే. నావి 16 అంగుళాల చక్రాలు, దానివి 17. చక్రం పెద్దదయ్యే కొద్దీ టైరు పక్కగోడ పొట్టిదవుతుంది. నా టైరు పక్కగోడ 113 మిల్లీమీటర్లు, దానిది 101. ఆ పన్నెండు మిల్లీమీటర్ల రబ్బరే గుంటకూ మన నడుముకూ మధ్యన ఉండే పరుపు. దానికి తోడు గట్టి స్ప్రింగులు. మలుపులో కారు ఒరగకూడదంటే అట్లాగే ఉండాలి. మలుపుకు మంచిదైంది గుంటకు చెడ్డదవుతుంది. ఏ ఇంజనీరూ దీన్ని పూర్తిగా తప్పించలేడు.

రెండేళ్ళ కిందట అమ్మ బాత్రూములో జారి పడింది. వెన్నులో డిస్కు పక్కకు జరిగింది. ఆపరేషన్ వద్దన్నారు, నెలకోసారి కర్నూలులో డాక్టరుకు చూపించాలి. ఆ నెల ఎర్రదాంట్లో తీసుకుపోయాను. గార్గేయపురం దాకా ఏమీ అనలేదు. తర్వాత తలుపు పైనున్న పిడిని పట్టుకుని కాస్త పైకి లేచి కూర్చుంది. బస్సులో నిలబడినవాళ్ళ మాదిరి, ఒళ్ళు బరువు చేతి మీద వేసి. "నొప్పా అమ్మా?" అంటే, "లేదులే, పోనీ" అంది. నేను 40కి దించాను. 230 అశ్వశక్తి బండి, వెనక ట్రాక్టరువాడు హారను కొట్టి దాటుకుని పోయాడు.

ఎవరైనా అనొచ్చు, అత్యవసరమైతే వేగం ప్రాణం కాపాడుతుంది కదా అని. నేనూ అదే అనుకుని లెక్క వేశాను. మా ఊరి నుంచి కర్నూలుకు 30 కిలోమీటర్లనుకుందాం. ఇట్లాంటి రోడ్డు మీద కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 70. ఆ వేగంతో పోతే 26 నిమిషాలు. 90తో పోతే 20. ఆరు నిమిషాలు కలిసొస్తాయి. కానీ వేగంతో పాటు బండిలో చేరే శక్తి వర్గంతో పెరుగుతుంది. 70 కన్నా 90 దగ్గర బ్రేకులు మింగాల్సిన శక్తి 65 శాతం ఎక్కువ. గొర్రె అడ్డొచ్చినప్పుడు ఆ 65 శాతానికి జవాబు చెప్పాలి. పైగా 90తో పోవడానికి నా తెల్లకారూ చాలు. నిజానికి ఊళ్ళో తిరిగే ఏ వెయ్యి సి.సి. బండైనా చాలు.

ఎర్రకారు బలం నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, అది దాచకూడదు. రెండు వరసల రోడ్డులో లారీని దాటేటప్పుడు. ఎదుటివైపు రోడ్డులో మనం గడిపే ప్రతి సెకనూ ప్రమాదమే. ఎర్రది ఆ సమయాన్ని ఒక సెకను తగ్గిస్తుంది. మంచిదే. కానీ ఐదు వారాలు నన్ను నేను గమనించుకున్నాను. తెల్లకారులో నేను వదిలేసే సందులు కొన్ని ఉంటాయి. ఎదురుగా బస్సు కనిపిస్తుంది, సరేలే అని లారీ వెనకే ఉండిపోతాను. ఎర్రదాంట్లో అదే సందును చూసి కాలు తనంతట తాను కదులుతుంది. నేను కాలును ఆపుకున్నాను. ప్రతిసారీ ఆపుకున్నాను. కానీ ప్రతిసారీ ఆపుకోవలసి వచ్చింది. కారు ఇచ్చిన సెకనును మనసు ఖర్చు పెట్టేస్తుంది, లాభం మిగలదు.

ఒక ఆదివారం తెల్లారగానే నాయనను ఎక్కించుకుని నల్లమలకు పోయాను. ఆత్మకూరు దాటి బైర్లూటి దగ్గర అడవిలోకి. ఇది పులుల అభయారణ్యం, రాత్రిపూట బండ్లను వదలరు. పగలు కూడా మెల్లగా పోవాలి. నలభై దాటలేదు. ఆ నలభైలోనే ఎర్రకారు అసలు మాట్లాడింది. మలుపులో ముందు చక్రాలు ఎంత పట్టుతో ఉన్నాయో స్టీరింగ్ అరచేతికి చెప్తుంది. రోడ్డు మీద ఆకు పడి ఉంటే అది కూడా చెప్తుందేమో అనిపిస్తుంది. నా కారు మర్యాదగల మనిషి, రోడ్డు సంగతులు కొన్ని మన దాకా రానివ్వదు. ఎర్రది ఏదీ దాచదు. ఆ ముప్పావు గంటలో నేను ఎంత సంతోషంగా ఉన్నానో రాస్తే అతిగా ఉంటుంది. ఫోను లేదు, ఆఫీసు లేదు, ఈ ఎఱుక తప్ప ఇంకేమీ లేదు.

నాయన ఎక్కువ మాట్లాడడు. డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, ఎద్దు మూపురం మీద పెట్టినట్టు. తిరిగి వచ్చేటప్పుడు అన్నాడు. "పందెం ఎద్దుకు పందెం నాడు ఇరవై నిమిషాలే పాపా పని. మిగతా దినాలన్నీ దాన్ని ఊరికే నిలబెట్టుకోవాల. అదీ అసలు కష్టం. లాగేది ఎద్దు కష్టం, నిలబెట్టేది మన కష్టం."

ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను.

బండలాగుడు చూడనివాళ్ళకు చెప్తాను. ఉగాదికో శివరాత్రికో తిరునాళ్ళకో ఊరి బయట మైదానం చదును చేస్తారు. బండ బరువు ముందే నిర్ణయిస్తారు. ఇచ్చిన సమయంలో జత ఆ బండను ఎన్ని అడుగులు లాగిందో టేపుతో కొలుస్తారు. ఎద్దుల పళ్ళను బట్టి విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. అంటే పాలపళ్ళ కోడెను ముదిరిన ఎద్దు పక్కన నిలబెట్టరు. జనం తాడు బయట ఉంటారు. సమయం అయిపోగానే ఈల వేస్తారు. ఆ ఎద్దులకు నొప్పి లేదని నేను అనను, చర్నాకోల దెబ్బలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. కానీ ఒకటి గమనించండి. ఎంత పందెపు పిచ్చి ఉన్నవాడైనా ఆ జతను బండికి కట్టి బజారులో పరుగెత్తించడు. బలానికి ఒక చోటు, ఒక టైము, ఒక తాడు కట్టి పెట్టారు మా పెద్దలు. చదువుకోనివాళ్ళు.

కారుకు ఆ మైదానం ఏది? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ చుట్టూ రోడ్లు మూసి ఫార్ములా ఇ పోటీ పెట్టారు. పోయి చూశాను. మరుసటి ఏడు జరగాల్సింది రద్దయింది. దాంతో ఆ ముచ్చట తీరింది. మన దగ్గర వేగం ఇష్టపడే పిల్లలకు మిగిలింది రాత్రి పూట ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 120. దాని మీద ఏం జరుగుతుందో సోమవారం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ పిల్లల్ని తిట్టడం సులువు. కోడెలను ఇచ్చి మైదానం ఇవ్వని ఊరుకు కూడా అందులో వాటా ఉంది.

ఇంక అమ్మ సంగతి. పందెపెద్దుల ఉలవల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చిన్నప్పుడు తెలీదు. ఉలవలు, పత్తి చెక్క, వాటికి వేరే జీతగాడు. వానలు ఎగ్గొట్టిన ఏడు అమ్మ రెండు పేటల గొలుసు సేటు దగ్గరికి పోయింది. అది తిరిగి ఇంటికి రావడానికి ఆరేళ్ళు పట్టింది. నాయన ఎద్దులు ఎప్పుడూ మూడో బహుమతి దాటలేదు. ఒకసారి బహుమతి కింద ఇత్తడి బిందె ఇచ్చారు. ఇప్పటికీ వంటింట్లో ఉంది, అమ్మ దాంట్లో ఉప్పు పోసి పెడుతుంది. ఇష్టం నాయనది, తాకట్టు అమ్మది. ఇది మా ఒక్క ఇంటి కథే కాదనుకుంటాను.

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రాత్రి అమ్మ నడుముకు నూనె రాస్తూ అడిగాను. "నాయన ఆ ఎద్దుల్ని పెట్టుకోకుండా ఉంటే బాగుండేది కదమ్మా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఖర్చు నాకు తెలీదా? తెలుసు. అవి లాగే దినం మీ నాయన మొగం జూసింటే నువ్వు ఈ మాట అడగవు" అంది. ఇంకో నిమిషం ఆగి, "నీకు ఆ ఎర్రకారు కావాలంటే తీసుకో మే. నేను తెల్లదాంట్లోనే వస్తా అని మాత్రం అనలేను, అది అమ్మేస్తావు గదా. నొప్పులకేముంది, అలవాటైతాయి" అంది.

నా చెయ్యి ఆమె నడుము మీద ఉంది. ఎక్కడ వత్తితే కండరం గట్టిపడుతుందో చేతికి తెలుస్తోంది. అమ్మ నోరు తీసుకో అంటోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "అవసరమా?" అనే ప్రశ్న నాకు ఇష్టం లేదు. మా సీమలో ఆ ప్రశ్నను నీళ్ళతో మొదలుపెట్టి అన్నిటికీ అడుగుతారు. ఆడపిల్లనైతే ఇంకా ఎక్కువ అడుగుతారు. చదువు చాలు, ఈ ఉద్యోగం చాలు, ఈ కారు చాలు. కరువు నేర్పిన పొదుపు వేరు, ఆ పొదుపును ఆడవాళ్ళకు మాత్రమే వడ్డించడం వేరు. నాయన పందెపెద్దులను కొన్నప్పుడు ఊళ్ళో ఎవరూ అవసరమా అని అడగలేదు. మొగోడు, మోజు పడ్డాడు అన్నారు. కాబట్టి నేను ఎర్రకారు వద్దనుకుంటే అది "నీకెందుకు" అనే వాళ్ళ గెలుపు కాకూడదని నాకు గట్టిగా ఉండింది. దీనికోసమే సగం రోజులు తేల్చుకోలేకపోయాను.

చివరికి తేల్చింది నాయన మాటే. ఇరవై నిమిషాల పని, ఏడాదంతా నిలబెట్టుకోవడం. ఆ ఇరవై నిమిషాలు నా దగ్గర లేవు. నల్లమలలో ఒక ఆదివారం ఉంది, అంతే. మిగిలిన 2,400 కిలోమీటర్లూ నేను చేసింది పందెపెద్దును బండికి కట్టి, మెల్లగా మెల్లగా అని బతిమాలుకుంటూ నడిపించడం. దానికీ సుఖం లేదు, వెనక సీట్లో ఉన్న మనిషికీ లేదు. నాయన జీవితంలో కనీసం సేద్యపు జత వేరే ఉండింది. రెండు జతలు పెట్టుకునే దొడ్డి నాకు లేదు. ఒకే కారు ఉండేటప్పుడు ఆ ఒక్కటీ అమ్మ ఎక్కగలిగేదై ఉండాలి. ఇది త్యాగం కాదు. అమ్మతో కర్నూలు పోయి రావడం నాకు ఇష్టమైన పనుల్లో ఒకటి, దారిలో ఆమె చెప్పే ఊరి సంగతులు ఇంకెక్కడా దొరకవు. పిడి పట్టుకుని పైకి లేచి కూర్చున్న మనిషి కబుర్లు చెప్పదు.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ఏం మే, నచ్చిందన్నావు గదా?" అన్నాడు.

"నచ్చింది గాబట్టే తెలిసింది అన్నా, ఏం వద్దంటాండానో."

కారును బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కుపోయాడు. అక్టోబరులో కొత్త ఆక్టేవియా ఆర్.ఎస్. మళ్ళీ వచ్చింది, 265 అశ్వశక్తి, దిగుమతి చేసిన 100 కార్లు, ఒక్కోటి 49.99 లక్షలు. బుకింగ్ తెరవగానే అయిపోయాయి. రెండు రోజులు అన్ని వీడియోలూ చూశాను. కడుపులో మంట రాలేదంటే నమ్మకండి.

తొమ్మిది లక్షల్లో కొంత తీసి తెల్లకారుకు నాలుగు కొత్త టైర్లు, కొత్త షాక్ అబ్సార్బర్లు వేయించాను. అమ్మ ఇప్పుడు గార్గేయపురం దాటాక నిద్రపోతోంది. ఇంకొంత పక్కన పెట్టాను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, కట్టిన తాడు లోపల నడుపుకునే రోజులు అక్కడ పెడుతుంటారు. ఒక్కో విడత ఇంచుమించు ఇరవై నిమిషాలు. ఫిబ్రవరిలో పోదామని పేరు రాయించుకున్నాను.

సేద్యపెద్దును పందేనికి కట్టకూడదని ఎక్కడా లేదు, మా ఊళ్ళో కట్టినవాళ్ళున్నారు. నాయనకు చెప్తే మొదట కారు బాగుందా అనలేదు, ఖర్చెంత అనలేదు.

"ఎన్ని పళ్ళ విభాగంలో రాయించినావు?" అన్నాడు.

"ఎనిమిదేళ్ళ బండి నాయనా. సీనియర్లే."

"అట్లయితే ముందు రోజు రాత్రి ఎక్కువ మేపొద్దు" అన్నాడు.